ఆరని కోటు

మా నాన్న లాండ్రీలో ఒకటే కట్టుబాటు. కస్టమర్ బట్ట మన ఒంటి మీదికి రాకూడదు. మరక పోకపోతే బతిమాలుకోవచ్చు, గుండీ ఊడితే అమ్మ కుడుతుంది, ఆలస్యమైతే నాలుగు తిట్లు తినొచ్చు. పరాయివాళ్ల చొక్కా తొడుక్కుని గడప దాటామా, ఇక షాపుకి తాళం వేసుకోవడమే అనేవాడు. ఒకసారి మా బాబాయి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తూ, "అన్నయ్యా, ఆ హ్యాంగరు మీద తెల్లచొక్కా ఒక్క పూట ఇవ్వు, మధ్యాహ్నానికల్లా తెచ్చేస్తా" అని కాళ్లావేళ్లా పడ్డాడు. నాన్న తన ఒంటి మీద చొక్కా విప్పి ఇచ్చి, ఆ పూటంతా బనీనుతో కౌంటర్లో కూర్చున్నాడు గానీ, ఆ తెల్లచొక్కా మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. బాబాయికి ఆ ఉద్యోగం రాలేదు. మీ నాన్న చెమట వాసన వల్లే పోయిందని ఇప్పటికీ అంటాడు.

అలాంటి మనిషి ఆ ఎండాకాలం నా కోసం చేసిన పని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

నేను బిజినెస్ డిగ్రీ చదివాను. షాపు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుతో చదివాను. చేరే ముందు కాలేజీ మనిషి ఒకాయన మా కౌంటరు దగ్గరికే వచ్చి, ఇస్త్రీ చేసిన బట్టలు పక్కకి జరిపి, కాగితం మీద గీత గీసి లెక్క వేశాడు. ఇటు అప్పు, అటు జీతం. ఇటు వాయిదా, అటు మిగులు. అప్పు తీరేనాటికి నాకు పాతికేళ్లు కూడా నిండవని తేల్చాడు. నాన్న అంతా విని ఒక్క మాట అడిగాడు. "ఆ జీతం అందరికీ వస్తుందాండీ?"

"మీ అమ్మాయిలాంటి తెలివైనవాళ్లకి తప్పకుండా," అన్నాడాయన.

"తెలివైనది అనేసరికి మీ నాన్న సంతకం గీకేశాడు," అని అమ్మ తర్వాత ఎన్నిసార్లు అందో. "మొద్దు అన్నా బాగుండేది. షాపు తాకట్టు తప్పేది."

చదువు అయిపోయింది. ఉద్యోగం మాత్రం రాలేదు. రాలేదంటే అసలు ఏమీ రాలేదని కాదు. ఒకడు కమిషన్ మీద పని చెయ్యమన్నాడు, ఇంకొకడు ఇస్తానన్న జీతంలో గది అద్దె, బస్సు ఖర్చు పోతే నేనే ఇంటి నుంచి ఎదురు తెచ్చుకోవాలి. అలా ఏడాది గడిచింది. ఎండాకాలం చివర్లో వాయిదాలు మొదలవుతాయని బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. నాన్న ఒక చేత్తో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని, "అలాగేనండి, అలాగేనండి" అన్నాడు. పెట్టేశాక ఆ కాలరే మళ్లీ ఇస్త్రీ చేశాడు.

సరిగ్గా అప్పుడే మా కాలేజీ వాళ్లు పిలిచారు. అడ్మిషన్ల సీజను, చేరడానికి వచ్చే తల్లిదండ్రులకి కూర్చుని నచ్చజెప్పాలి. సీజన్ అయ్యేదాకా కాస్త జీతం ఇస్తారు, చెప్పినన్ని సీట్లు నింపితే ఉద్యోగం ఖాయం చేస్తారు. షరతు ఒక్కటే. నల్లకోటు వేసుకోవాలి.

ఇంటర్వ్యూల కోసం చవగ్గా కొన్న కోటు ఒకటుంది నాకు. మొదటి రోజు పొద్దున, నాన్న నూలు దుప్పట్లకని బాగా వేడెక్కించి ఉంచిన ఇస్త్రీపెట్టె తీసి, చూసుకోకుండా దాని మీద పెట్టాను. నైలాను గుడ్డ. చుయ్‌మంది. పెట్టె ఎత్తేసరికి వీపు మీద అరచేయంత మేర కరిగి ముడుచుకుపోయింది.

అమ్మ పరుగున వచ్చింది. "ఓసి నీ చదువు తగలెయ్య! లాండ్రీవాడి కూతురు కోటు కాల్చుకుందంటే వీధి వీధంతా నవ్వుతుందే!"

నేను నవ్వలేదు, ఏడ్చాను. కొత్త కోటు కొనే డబ్బు ఇంట్లో లేదు. అది ముగ్గురికీ తెలుసు. నాన్న కాసేపు ఆ కాలిన గుడ్డని వేళ్లతో నిమిరి చూశాడు. తర్వాత తలెత్తి, గోడ పొడుగునా వేలాడుతున్న బట్టల వరసకేసి చూశాడు. ఆ వరస చివర్లో టీసీ ఆంటీ కోటు ఉంది.

టీసీ ఆంటీ అంటే రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఆవిడ. నా చిన్నప్పట్నుంచీ ఆవిడ బట్టలు మా దగ్గరికే వస్తాయి. టికెట్ లేనివాడు బాత్రూంలో దాక్కున్నా బయటికి లాగుతుందని పేరు. కూతురి పరీక్షలని సెలవు పెట్టి, డ్యూటీ కోటు ఉతకమని ఇచ్చి, నెలాఖరుకి తీసుకుంటానని చెప్పి వెళ్లింది. మంచి బరువైన నల్లకోటు.

నాన్న వెళ్లి ఆ కోటు దించాడు. నా చేతికిచ్చాడు గానీ నా మొహం చూడలేదు.

"ఒక్క రోజే. రాగానే ఇక్కడే తగిలించు," అన్నాడు.

అమ్మ నోరు తెరిచి, నాన్న వాలకం చూసి మళ్లీ మూసేసింది. నేనైనా వద్దు నాన్నా అని ఉండాల్సింది. అనలేదు సరికదా, భుజాలు అతికినట్టు సరిపోయాయని అద్దం ముందు నిలబడి మురిసిపోయాను. చేతులు కొంచెం పొడుగైతే లోపలికి మడిచి పిన్నీసు పెట్టుకున్నాను. జేబు పైన ఆవిడ పేరుబిళ్ల పెట్టుకునే రెండు చిన్న చిల్లులున్నాయి. కాలేజీ వాళ్లు ఇచ్చిన బిళ్ల అందులోనే గుచ్చాను. సిగ్గులేని మొహం నాది.

ఒక్క రోజు కాస్తా రోజూ అయింది. జీతం చేతికొస్తేగా కోటు కొనేది! సాయంత్రం నేను రాగానే నాన్న ఆ కోటు అందుకుని, కాలరు తడిగుడ్డతో తుడిచి, ఇస్త్రీ చేసి, మళ్లీ వరస చివర్లో తగిలించేవాడు. ఆ పని చేస్తున్నంతసేపూ షాపు తలుపు ఓరగా వేసి ఉంచేవాడు.

కాలేజీలో పెద్ద హాలు. మా మీద ఒక సారు ఉండేవాడు, తిట్టినా నవ్వే, పొగిడినా నవ్వే. నవ్వుల సారు అనేవాళ్లం. గోడ మీద పెద్ద బోర్డు, దాని మీద మా కాలేజీ పిల్లలకి వచ్చే జీతం. నా పక్కన నాతో చదివినవాళ్లే వరసగా కూర్చుని ఉండేవాళ్లు, అందరికీ నల్లకోట్లే. ఇదేంటి సార్, ఆ జీతం మాలో ఎంతమందికి వచ్చిందని ఒకరోజు అడిగాను.

"పై ర్యాంకుల వాళ్లకి వచ్చింది కదమ్మా. వాళ్లదే రాశాం," అని నవ్వాడు. "ఉద్యోగాలు మాత్రం అందరికీ వచ్చాయి. నీకు రాలేదూ? కాలేజీ ఇచ్చింది మాత్రం ఉద్యోగం కాదా? నువ్వూ లెక్కలో ఉన్నావు."

నేనూ లెక్కలో ఉన్నానన్నమాట! ఇంటికెళ్లి ఈ మాట చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియదని చెప్పలేదు.

అయినా నాకు ఆ పని బాగా వచ్చేసింది. కౌంటర్లో పుట్టి పెరిగినదాన్ని, మనుషులతో మాట్లాడ్డం ఒకరు నేర్పాలా? కాగితం మీద గీత గీసేదాన్ని. ఇటు అప్పు, అటు జీతం. గ్యాస్ స్టవ్‌లు బాగుచేసే ఒకాయన కొడుకుని తీసుకొచ్చాడు. అంతా విని, గోళ్లలో మసి కనబడకుండా చేతులు బల్ల కిందికి పెట్టుకుని, "ఆ జీతం అందరికీ వస్తుందామ్మా?" అని అడిగాడు.

"మీవాడిలాంటి తెలివైనవాళ్లకి తప్పకుండా అంకుల్," అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట వచ్చాక నాకు వినపడింది. ఆయన మాత్రం కొడుకు వీపు తట్టాడు. ఆ రోజు నవ్వుల సారు నా బల్ల మీద చాక్లెట్ పెట్టి వెళ్లాడు. ఆ చాక్లెట్ తిన్నాను కూడా.

చివరికి నా వంతుకి ఒక్క సీటు మిగిలింది. అది నింపితే ఉద్యోగం ఖాయం, వాయిదా కట్టొచ్చు, షాపు జోలికి ఎవడూ రాడు. ఆ రోజు మధ్యాహ్నం హాలు తలుపు తోసుకుని టీసీ ఆంటీ వచ్చింది, వెనకాల కూతురు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కోటు విప్పి బల్ల కింద పడేద్దామా అనిపించింది. అప్పటికే ఆవిడ కూతురు నన్ను చూసేసింది. "అమ్మా, లాండ్రీ అక్క! అక్క దగ్గరే కూర్చుందాం!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

టీసీ ఆంటీ కూర్చుంది. నన్ను చూసింది. నా మొహం చూసింది, తర్వాత కాలరు, తర్వాత మడిచిన చేతులు, తర్వాత జేబు పైన బిళ్ల. అక్కడ కాసేపు ఆగింది.

"చెప్పమ్మాయ్, ఏంటి లెక్క?" అంది మామూలుగా.

నేను గీత గీశాను. గీత వంకర పోయింది. ఇటు అప్పు, అటు జీతం అని చెప్పుకుపోతుంటే నవ్వుల సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆవిడ కాగితం చూడనే లేదు.

"నీకు ఇంత వస్తుందా?"

వెనకాల సారు గొంతు సవరించుకున్నాడు.

"వస్తుంది ఆంటీ," అన్నాను.

"ఊఁ," అంది. చేతిసంచీ ఒళ్లోకి తీసుకుంది. "పొద్దున మీ షాపుకి వెళ్లాను. ఉన్నట్టుండి సాయంత్రం డ్యూటీకి రమ్మన్నారు, కోటు తీసుకుందామని. ఇంకా ఆరలేదన్నారు మీ నాన్న." కిటికీలోంచి బయటికి చూసింది. "రోడ్డు మీద తారు కరిగిపోతోంది. కోటు మాత్రం ఆరలేదట."

కూతురు పకపకా నవ్వింది. దానికి ఏమీ అర్థం కాలేదు, పాపం, ఊరికే నవ్వింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఎండాకాలం, ఆ బరువు కోటు, వీపు మీద చెమట కారిపోతోంది. ఆవిడ కోటుకి నా చెమట పట్టేస్తోందన్న ధ్యాసే తప్ప నాకింకేం లేదు.

"ఆలోచించుకుని చెప్తాం," అని ఆంటీ లేచింది.

"రేపటికి సీటు ఉండదు మేడమ్!" అన్నాడు నవ్వుల సారు నవ్వుతూ.

"పోతే పోనివ్వండి. రైలు పోతే ఇంకో రైలు వస్తుంది," అని కూతురి భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి నాన్న షాపు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మామూలుగా ఆ వేళకి కూర్చోడు.

"టీసీ మేడమ్ వచ్చింది పొద్దున," అన్నాడు. "ఆరలేదని చెప్పాను."

నేను కోటు విప్పుతున్నాను.

"నోరు తిరగలేదే. ఏమన్నారని ఆవిడ అడిగింది. మళ్లీ చెప్పాల్సొచ్చింది."

"ఒక్క అబద్ధానికి ఆకాశం ఊడిపడదు లెండి," అంది అమ్మ లోపల్నుంచి. "మన పిల్ల కోసమేగా."

ఆవిడ నన్ను చూసింది నాన్నా అని అప్పుడే చెప్పెయ్యాల్సింది. నాలుక మీదిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నాన్న నా చేతిలోంచి కోటు తీసుకుని, తుడవలేదు, ఇస్త్రీ చెయ్యలేదు. బకెట్టులో నీళ్లు నింపి మొత్తం ముంచేశాడు.

"శుభ్రంగానే ఉందిగా, ఎందుకండీ మళ్లీ?" అంది అమ్మ.

"ఆరలేదని చెప్పానుగా," అన్నాడు నాన్న.

పిండి, దులిపి, పెరట్లో తీగ మీద వేసి, పక్కనే నిలబడ్డాడు. ఏం లాభం? ఆ ఎండకి మేం టీ తాగేలోపే ఆరి కూర్చుంది.

మర్నాడు పొద్దున నేను కాలేజీకి బయల్దేరబోతుంటే టీసీ ఆంటీ వచ్చింది. పాత కోటు ఒకటి వేసుకుని ఉంది, మోచేతుల దగ్గర వెలిసిపోయింది. రాత్రంతా డ్యూటీ చేసిన కళ్లు. నాన్న మడత పెట్టిన కోటు రెండు చేతులతో తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఆవిడ పర్సులోంచి డబ్బు తీసింది.

"ఈసారికి వద్దు మేడమ్. ఆలస్యం చేశాను," అన్నాడు నాన్న.

"నిన్న మీ అమ్మాయిని కాలేజీలో కలిశాం అన్నయ్యగారూ. చెప్పలేదా?"

నాన్న నాకేసి చూడలేదు. కౌంటరు మీద కోటుకేసి చూశాడు. చెయ్యి దాని మీదే ఉండిపోయింది. నేను భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాను.

టీసీ ఆంటీ నా వైపు తిరిగింది. "మా పిల్ల చేరితే ఆ కాలేజీలోనే చేరతానని మొండికేసింది, నిన్ను చూసి. నా పీఎఫ్ అంతా తీసినా సగమే వస్తుంది, మిగతాది అప్పు తేవాలి. నిన్న మీ సారు పక్కనున్నాడు, ఇవాళ లేడు. అందుకే మళ్లీ అడుగుతున్నా. అది నీ చెల్లెలైతే చేరుస్తావా?"

చేర్చండి అంటే ఆ చివరి సీటు నిండుతుంది. వద్దంటే నాన్న వింటాడు. షాపు తాకట్టు పెట్టి కొనిపెట్టిన చదువు ఎందుకూ కొరగాదని, ఆయన కౌంటరు ముందే, కస్టమర్ ఎదురుగా, నా నోటితో వింటాడు. లోపల అమ్మ గిన్నెలు కడగడం ఆపేసింది.

"వద్దు ఆంటీ," అన్నాను.

"నీకు నిజంగా ఎంతిస్తున్నారు?"

"వాయిదాలో సగం కూడా రాదు ఆంటీ. అదీ సీజన్ అయ్యేదాకానే."

ఆవిడ తల ఊపింది. నాన్న వద్దన్న డబ్బు, ఒక్క మాట కూడా అనకుండా మళ్లీ పర్సులో పెట్టుకుంది. అందుకు మాత్రం ఆవిడకి జన్మంతా దణ్ణం పెడతాను. ఆ డబ్బు కౌంటరు మీద పెట్టి ఉంటే నాన్న తట్టుకోలేకపోయేవాడు. కోటు చేతి మీద వేసుకుని, "వస్తానన్నయ్యగారూ," అని వెళ్లిపోయింది.

నాన్న కాసేపు బట్టలు సర్దాడు. సర్దినవే సర్దాడు.

"అప్పట్లో ఆయన వచ్చి మనకి చెప్పిన లెక్క..."

"అదీ ఇదే నాన్నా. ఇదే కాగితం."

"ఊఁ," అన్నాడు. లోపలికి వెళ్లి, నేను కాల్చుకున్న నైలాను కోటు పట్టుకుని వచ్చాడు. దాన్ని ఇంకా దాచాడని నాకు తెలియదు. వెలుతురులోకి తిప్పి చూశాడు. "వీపున అడ్డంగా పట్టీ వేసి కుడితే తెలియదు. మీ అమ్మ కుడుతుంది. ఇవాళ్టికి వెళ్లొచ్చు."

"నేను వెళ్లను నాన్నా."

నాన్న ఆ కోటు మడిచి పెట్టాడు. పక్కనున్న రెండో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాడు.

వెళ్లలేదు సరే, గ్యాస్ స్టవ్‌ల ఆయనకైనా చెప్పాలని ఫోన్ చేశాను. నేను అంకుల్ అనగానే గుర్తుపట్టేశాడు. "నిన్ననే ఫీజు కట్టేశానమ్మా! తిరిగివ్వరటగా, రసీదు భద్రంగా దాచాను. మా ఆవిడ భయపడింది. ఆ అమ్మాయి చెప్పింది, ఆ మాట చాలన్నాను," అన్నాడు. నేను చెప్పాల్సినదంతా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. చివరికి, "పర్లేదులేమ్మా, మావాడు తెలివైనవాడే కదా," అని పెట్టేశాడు. ఆయన నన్ను ఉతికి ఆరేసినా ఇంత బాధ ఉండేది కాదు.

వాయిదాల కోసం నాన్న ఆసుపత్రి దుప్పట్లు ఒప్పుకున్నాడు. అదివరకు వాళ్లు ఎన్నిసార్లు అడిగినా, నడుం విరిగిపోతుంది నావల్ల కాదని పంపేసేవాడు. ఇప్పుడు మూటలు మూటలుగా వస్తున్నాయి. ఆయన ఒక బల్ల, నేనొక బల్ల. మా అమ్మాయి డిగ్రీ చేసిందని ఇదివరకు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. ఇప్పుడు ఎవరైనా, అమ్మాయి ఇక్కడుందేంటండీ అంటే, వినపడనట్టు దుప్పటి దులుపుతాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వానాకాలం లాండ్రీ సంగతి తెలిసిందేగా, ఏదీ ఆరదు. వచ్చినవాళ్లందరికీ ఒకటే జవాబు. ప్రతి ఏడూ నాన్న కౌంటర్లో కూర్చుని, మొహంలోకి చూసి, ఆరలేదండీ రేపు రండి అనేవాడు, వాళ్లు సరేనని వెళ్లిపోయేవాళ్లు. ముప్పై ఏళ్లుగా అంతే.

ఒక సాయంత్రం ముసురులో టీసీ ఆంటీ గొడుగు మూస్తూ వచ్చింది. "కోటు అయిందా అన్నయ్యగారూ?"

"ఇంకా ఆరలేదు మేడమ్," అన్నాడు నాన్న.

ఆవిడ సరేనని వెనక్కి తిరగబోయింది. నాన్న గబగబా లోపలికి వెళ్లి, తీగ మీద కోటు లాగి, నీళ్లోడుతున్నదాన్ని అలాగే తెచ్చి కౌంటరు మీద ఆవిడ ముందు పెట్టాడు.

"చెయ్యి పెట్టి చూడండి మేడమ్. తడిగానే ఉంది."

"అయ్యో, మీ మాట చాలదా అన్నయ్యగారూ!"

"లేదు, చూడండి. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి."

ఆవిడ ఏం చెయ్యాలో తెలియక, చెయ్యి చాపి కోటు అంచు ముట్టుకుంది. "అవును, తడిగానే ఉంది," అంది. నాన్న అప్పుడు కోటు తీసుకుని లోపలికి వెళ్లాడు. నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, పొడిగుడ్డ తీసుకుని, తలెత్తకుండా కౌంటరు మీద నీళ్లు తుడిచాను.